గడి సగం చేసి చూశావా?

పోయిన నెల ఈ పేజీలో ట్యూబ్‌లైటు ఎలా వెలుగుతుందో చెబుతూ, ‘సూపర్ కంప్యూటర్‌లో ప్లాస్మాను నడిపించడమే ముప్పై ఏళ్లు నా ఉద్యోగం’ అని ఓ ముక్క రాశాను. ఉత్తరాలన్నీ ఆ ముక్క మీదే వచ్చాయి. ట్యూబ్‌లైటు సంగతి ఎవరికీ పట్టలేదు! అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మా ఆయనకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రిలో ప్లాస్మా ఎక్కించారు. మీరు కంప్యూటర్‌లోకి ఎక్కించేది అదేనా?
– గృహిణి, విజయనగరం

అది కాదమ్మా. కానీ మీరు నవ్వులాటకు అడిగినా, ఆ రెండింటికీ పేరు దగ్గర చుట్టరికం ఉంది. గాజు గొట్టంలో వాయువు గుండా కరెంటు పంపి పరిశోధనలు చేసిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1928లో ఈ పేరు పెట్టారు. రక్తంలోని ప్లాస్మా కణాలను మోసుకుపోయే తీరు ఆయనకు గుర్తొచ్చిందని, ఆయన దగ్గర పనిచేసిన మాట్-స్మిత్ చాలా ఏళ్ల తర్వాత రాశారు.

వాయువును బాగా వేడి చేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అదే మా ప్లాస్మా. అప్పుడది కరెంటును మోస్తుంది, అయస్కాంతం మాట వింటుంది. మాట వింటుంది అన్నాను గానీ, సగం సార్లు వినదు. అదే మా బాధ. వెల్డింగ్ షాపులో మెరిసే మంట, పిడుగు, సూర్యుడు, అన్నీ ఇదే. మీ వారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ప్రశ్న: మేడమ్, నేను నలభై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. న్యూటన్ సూత్రం తెలుసు, మాక్స్‌వెల్ సమీకరణాలు తెలుసు. సమీకరణం తెలిశాక గుణించడమే కదా మిగిలింది! దానికి అంత పెద్ద యంత్రం ఎందుకో మాటల్లో కాకుండా లెక్క వేసి చూపించండి.
– విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, హుజూరాబాద్

మాస్టారూ, నాకు వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా నచ్చింది మీదే. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఫ్రాన్స్‌లో కదరాష్ దగ్గర ఈటర్ అనే ఫ్యూజన్ యంత్రం కడుతున్నారు, సూర్యుడిలోలాగా తేలిక కేంద్రకాలను కలిపి శక్తి తీయడానికి. మన దేశానికీ అందులో వాటా ఉంది. గారె ఆకారంలో ఉండే దాని గదిలో సుమారు 830 ఘనపు మీటర్ల ప్లాస్మా పడుతుంది. ఘనపు మీటరుకు ఎలక్ట్రాన్లు 1 పక్కన 20 సున్నాలు. మొత్తం కలిపితే 8 పక్కన 22 సున్నాలు. ప్రతి ఎలక్ట్రానూ మిగతా అన్నిటినీ నెడుతుంది. జంటలు లెక్కపెట్టడానికి కూర్చుంటే సున్నాలే 40 దాటుతాయి. ఆ దారి మూసుకుపోయింది.

1960 ప్రాంతంలో ఆస్కార్ బునెమన్, జాన్ డాసన్ వేర్వేరుగా కొద్దిపాటి కణాలతో లెక్క మొదలుపెట్టారు. తర్వాత కొన్నేళ్లలో దానికి గడుల ఉపాయం తోడైంది. తిరుమల క్యూ కాంప్లెక్సులో ఏ భక్తుడు ఎవరిని తోశాడో ఎవరూ రాసిపెట్టరు. ఏ కంపార్ట్‌మెంటులో ఎంతమంది ఉన్నారన్నదే చూస్తారు, దాన్నిబట్టే గేటు తీస్తారు. మేమూ అంతే. జాగానంతా గడులుగా కోస్తాం. ఏ గడిలో ఎంత విద్యుదావేశం పోగైందో లెక్కపెట్టి, దాని నుంచి విద్యుత్ క్షేత్రం కట్టి, ఆ క్షేత్రంతో కణాలను చిన్న అడుగు జరుపుతాం. మళ్లీ గడులు లెక్క. మళ్లీ అడుగు. ఒక్కో లెక్క కణం వేల లక్షల అసలు కణాల తరఫున నిలబడుతుంది. ఈ పద్ధతిని పార్టికల్-ఇన్-సెల్ అంటారు, మేం ముద్దుగా ‘పిక్’ అంటాం.

మరి గడి ఎంత ఉండాలి? ప్లాస్మాలో ఒక ఆవేశం ప్రభావం కొంత దూరం వరకే పోతుంది, ఆ పైన చుట్టూ మూగిన వ్యతిరేక ఆవేశాలు దాన్ని కప్పేస్తాయి. ఆ దూరాన్ని డెబై పొడవు అంటారు. గడి దానికన్నా మరీ పెద్దదైతే లెక్క చెడుతుంది (ఎలా చెడుతుందో కింద నా సొంత గోడు రాశాను). పది కోట్ల డిగ్రీలు పైబడిన ఈటర్ ప్లాస్మాలో అది 0.07 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక మందం. 830 ఘనపు మీటర్లను ఆ కొలతతో కోస్తే 20 కోట్ల కోట్ల గడులు. గడికి వంద కణాలన్నా వేయాలి. ఒక్కో కణానికి మూడు స్థానాలు, మూడు వేగాలు, అంకెకు 8 బైట్ల చొప్పున వెరసి 48 బైట్లు. మొత్తానికి 1 పక్కన 19 సున్నాల బైట్లు. అమెరికాలో ఓక్‌రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ అనే సూపర్ కంప్యూటర్ 2022లో ప్రపంచంలో నంబర్ వన్. దాని మెమరీ అంతా కలిపినా ఇందులో సుమారు వెయ్యో వంతే.

ఇక అడుగు. ఎలక్ట్రాన్లు ఆ ప్లాస్మాలో సెకనుకు దాదాపు 9 వేల కోట్ల సార్లు ఊగుతాయి. ఒక్కో ఊపులో యాభై అడుగులైనా వేస్తేగానీ ఊపు ఊపులా కనబడదు. అంటే సెకనుకు సుమారు 5 లక్షల కోట్ల అడుగులు. ఈటర్‌లో వేడి నిలిచే కాలం 3.7 సెకన్లని అంచనా. అంతవరకు చూడాలంటే 18 లక్షల కోట్ల అడుగులు పైనే. అడుక్కు ఒక్క సెకను పట్టినా 5 లక్షల 80 వేల ఏళ్లు! మీరు, నేను, ఈ పత్రిక, ఎవరమూ ఉండం.

కాబట్టి మాస్టారూ, గుణించడం ఒక్కటే మిగల్లేదు. ఏది గుణించకుండా వదిలేయవచ్చో తేల్చుకోవడం మిగిలింది. నా సర్వీసంతా ఆ పనిలోనే గడిచింది.

వదిలేయడానికి ఒక ఉదాహరణ చెబుతాను. అయస్కాంత క్షేత్రంలో కణం తిన్నగా పోదు, క్షేత్ర రేఖ చుట్టూ స్ప్రింగులా చుట్టుకుంటూ పోతుంది. ఈటర్‌లో డ్యుటీరియం అయాన్ (ఎలక్ట్రాన్ ఊడిన బరువు హైడ్రోజన్) సెకనుకు 4 కోట్ల చుట్లు చుడుతుంది, చుట్టు వ్యాసార్ధం సుమారు 3 మిల్లీమీటర్లు. ఆ చుట్లన్నీ మనకెందుకు? వేడి బయటికి ఎలా కారుతోందన్నది కదా కావలసింది. అందుకని కణాన్ని తీసేసి దాని జాగాలో గాజు పెట్టారు. మలారానికి తొడిగిన గాజులా ఆ ఉంగరం రేఖ వెంట జారుతుంది, నెమ్మదిగా పక్కకు ఒరుగుతుంది, చుట్లు లెక్కపెట్టం. 1983లో డబ్ల్యూ. డబ్ల్యూ. లీ ఈ ఊహను కణాల లెక్కలోకి తెచ్చారు. ఆ గాజు మీద నాలుగంటే నాలుగు చోట్ల క్షేత్రం చూసి సరాసరి తీస్తే చాలా సందర్భాల్లో సరిపోతుందని కూడా ఆయనే చూపించారు. నాలుగు! నేను మొదటిసారి చదివినప్పుడు ఇదేదో మోసమనుకున్నాను. చేసి చూస్తే పనిచేసింది. దీన్ని జైరోకైనెటిక్స్ అంటారు. దీనితో గడి పదుల రెట్లు, అడుగు వేల రెట్లు పెద్దవి చేసుకోవచ్చు. అప్పుడు గానీ అది సూపర్ కంప్యూటర్‌కు లొంగే లెక్క కాలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఫీల్డ్‌లో రోజూ చేసే పని ఏమిటి? ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి? సూపర్ కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే టెన్షన్‌గా ఉండదా?
– బీటెక్ విద్యార్థి, సూర్యాపేట

సూపర్ కంప్యూటర్ ముందు ఎవరూ కూర్చోరు బాబూ. అది ఏసీ గదిలో బీరువాల వరస. లోపలికి వెళితే ఫ్యాన్ల హోరుకు చెవులు పగిలిపోతాయి. మనం మామూలు ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రాం పంపి క్యూలో నిలబడతాం. ఇన్ని నోడ్లు (బీరువాల్లోని విడి కంప్యూటర్లు) కావాలి, ఇన్ని గంటలు కావాలి అని రాసిస్తాం. రేషన్ షాపు క్యూకీ దీనికీ పెద్ద తేడా లేదు, ఎక్కువ అడిగినవాడు ఎక్కువసేపు నిలబడతాడు. ఇరవై నాలుగు గంటలు ఇస్తారనుకోండి, లెక్క తెగకపోయినా 24 గంటలకు గొంతు నొక్కేస్తారు. అందుకని మధ్యమధ్యలో అప్పటిదాకా అయినదంతా డిస్కులో దాచుకోవాలి. దాన్ని చెక్‌పాయింట్ అంటాం. ఒకసారి బద్ధకించి అది పెట్టలేదు. ఇరవై రెండో గంటలో పిడుగు పడి కరెంటు పోయింది. ప్లాస్మా చేతిలో ప్లాస్మా లెక్క చచ్చింది. తప్పు పిడుగుది కాదు.

లాంగ్వేజ్ అంటారా, ఫోర్ట్రాన్. నవ్వకండి. 1957 నాటి భాషే అయినా, ఇవాళ పెద్ద కోడ్లలో సగం ఎముకలు అవే. కొత్తవి సీ++లో రాస్తున్నారు. దాంతోపాటు ఎంపీఐ నేర్చుకోవాలి, వేల ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి అది. బొమ్మలకు పైథాన్ ఉండనే ఉంది.

టెన్షన్ గురించి అడిగారు. ఉంటుంది, కానీ యంత్రం చూసి కాదు. చెబుతాను.

1993. పీహెచ్‌డీలో చేరిన రెండో ఏడు. నేను రాసిన పిక్ ప్రోగ్రాం వారం రోజులు నడిచింది. ఎలక్ట్రాన్లు వాటంతటవే వేడెక్కుతున్నాయి! బయటి నుంచి శక్తి ఇవ్వలేదు, లేజర్ లేదు, ఏమీ లేదు. గ్రాఫు మెట్లెక్కినట్టు పైకి పోతోంది. కొత్త అస్థిరత, అంటే ప్లాస్మా తనంతట తానే అదుపు తప్పే కొత్త తీరు, కనిపెట్టేశానని నమ్మాను. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద గ్రాఫులు తీశాను. అమలాపురంలో అమ్మకు ఇన్‌ల్యాండ్ లెటర్ కూడా రాశాను, ‘నీ కూతురు ఒకటి కనిపెట్టిందే’ అని.

మా గురువుగారు కన్నడిగులు, తక్కువ మాట్లాడతారు. గ్రాఫు నిమిషం సేపు చూసి ఇంగ్లిష్‌లో ఒక్క మాట అడిగారు, ‘గడి సగం చేసి చూశావా?’ అని. చూడలేదు. వెళ్లి సగం చేశాను. వేడెక్కడం బాగా తగ్గింది. ఇంకో సగం చేశాను. పూర్తిగా పోయింది.

జరిగిందేమిటంటే, నా గడి డెబై పొడవుకు ఏడెనిమిది రెట్లుంది. గడిలోపల ఏం జరుగుతోందో ప్రోగ్రాంకు కనబడదు. కనబడని చోట పుట్టిన తప్పు ప్రతి అడుగులో కొంచెం శక్తిని దొంగతనంగా లోపలికి తోస్తుంది. ప్లాస్మా వేడెక్కితే డెబై పొడవు పెరుగుతుంది. అది పెరిగి పెరిగి గడి కొలతకు దగ్గరయ్యేదాకా వేడెక్కుతూ పోయి, అక్కడ నెమ్మదించి, ఏదో ప్రకృతి ధర్మం పాటించినట్టు బుద్ధిమంతురాలి ఫోజు పెడుతుంది. సున్నాతో భాగిస్తే తప్పు బయటపడుతుంది గానీ, ఇలాంటి తప్పుకు యంత్రం కిక్కురుమనదు. చక్కని గ్రాఫు గీసి చేతికిస్తుంది.

అమ్మకు దిద్దుబాటు ఉత్తరం రాయలేదు. ఆవిడ పోయేదాకా చుట్టాలందరికీ ఆ కనిపెట్టిన సంగతే చెప్పుకుంది.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. ఒకే ప్రోగ్రాం 16 కోర్ల మీద, 32 కోర్ల మీద నడిపితే చివరి అంకెలు తేడా రావచ్చు. కిరాణా చీటీలో ప్రతి కూడికకూ పైసలు రౌండ్ చేస్తూ పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడి చూడండి, తెలుస్తుంది. ప్లాస్మా అల్లకల్లోలంగా ఉంటే ఆ చివరి అంకె తేడాయే కాసేపటికి వేరే సుడిగుండమై కూర్చుంటుంది. అందుకని ఫలానా సుడి ఫలానా చోట ఉందని మేం చెప్పం, సరాసరిన ఎంత వేడి కారిందో చెబుతాం. రెండు రన్‌లలో ఆ సరాసరి కూడా మారిందా, ఆ రాత్రి నిద్ర ఉండదు.

ప్రశ్న: క్లౌడ్‌లో వెయ్యి జీపీయూలు అద్దెకు తీసుకుంటే సరిపోదా అక్కా? ప్రత్యేకంగా సూపర్ కంప్యూటర్ కట్టడం దేనికి?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డల్లాస్

వెయ్యి ఫొటోలు వేర్వేరుగా దిద్దాలంటే సరిపోతుంది. మా పని అలా విడిపోదు తమ్ముడూ. వెయ్యి మందికి తలా ఎకరం పంచామనుకో, ప్రతి అడుగుకూ గట్టు అవతల ఏముందో పక్కవాణ్ని అడగాలి. గట్టు దాటిన కణాలను అప్పజెప్పాలి. లక్షల అడుగులు, ప్రతిసారీ ఇదే. ఒక్కడు ఆలస్యం చేస్తే మిగతా 999 మంది చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. అందుకే ఈ యంత్రాల్లో ఖర్చు చిప్పులకే కాదు, వాటి మధ్య తీగలకూ అవుతుంది. ఫ్రాంటియర్‌లో జీపీయూ చిప్పులు 37 వేల పైనే. బెర్క్‌లీ ల్యాబ్, ఫ్రాన్స్ బృందాలు కలిసి రాసిన వార్ప్‌ఎక్స్ అనే పిక్ ప్రోగ్రాం దాదాపు ఆ యంత్రమంతటి మీదా నడిచి, 2022లో సూపర్ కంప్యూటర్ లెక్కలకు ఇచ్చే గోర్డన్ బెల్ బహుమతి తెచ్చుకుంది. అన్ని చిప్పులు ఒకదాని కోసం ఒకటి కాచుకోకుండా నడవడమే అందులో గొప్ప. ఈ మధ్య క్లౌడ్ కంపెనీలూ వేగమైన తీగలు వేస్తున్నాయి, నిజమే. బిల్లు చూసి మాట్లాడదాం.

ప్రశ్న: ఆదిత్య-ఎల్1 మా కళ్లముందే ఎగిరింది. సౌర తుఫానులు ముందే చెబుతారంటున్నారు. తుఫాను హెచ్చరికలాగా చెప్పగలరా?
– ఉపాధ్యాయిని, సూళ్లూరుపేట

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి అది లేచినప్పుడు నేను టీవీలో చూశాను. మీది అదృష్టం.

సూర్యుడి నుంచి భూమి దాకా ఉన్న 15 కోట్ల కిలోమీటర్ల జాగాలో కణాల లెక్క కుదరదు. అక్కడ ప్లాస్మాను కరెంటు మోసే నీరులా భావించి లెక్క కడతారు. హానెస్ ఆల్వెన్ 1942లో మొదలుపెట్టిన దారి అది, 1970లో నోబెల్ వచ్చింది. అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం వాడే ప్రోగ్రాం పేరు ఎన్‌లిల్. సుమేరియన్ల గాలి దేవుడు, మన వాయుదేవుడనుకోండి. సూర్యుడి నుంచి ఎగిరిన ప్లాస్మా ముద్ద ఎప్పుడు వచ్చి తగులుతుందో అది చెబుతుంది, కొన్ని గంటలు అటూ ఇటూగా.

అయితే దెబ్బ ఎంతన్నది ఆ ముద్దలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా, ఉత్తరానికా అన్నదాని మీద ఆధారపడుతుంది. దక్షిణానికైతే భూమి క్షేత్రంతో ముడిపడి తలుపు తెరుచుకుంటుంది. అది ముందే చెప్పడం ఇంకా ఎవరికీ బాగా చేతకాలేదు. భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఆదిత్య ఉన్న ఎల్1 అనే చోటికి వచ్చాకే కొలవగలం. సెకనుకు 400 కిలోమీటర్ల సౌర గాలి (సూర్యుడి నుంచి వీచే ప్లాస్మా) అక్కణ్నుంచి మనల్ని చేరడానికి గంట చాలు, తుఫానుకైతే ఇంకా తక్కువ. ఆదిత్యలో ఆస్పెక్స్, పాపా అనే పరికరాలు ఆ గాలిలోని కణాలను కొలుస్తాయి, మ్యాగ్నెటోమీటర్ క్షేత్రాన్ని చూస్తుంది. 2024 మే నెలలో లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది గుర్తుందా, అలాంటి రోజున ఆ గంటే బంగారం. బంగాళాఖాతం తుఫానుకైతే రోజుల ముందే హెచ్చరిస్తారు. ఇక్కడ ఆ స్థాయికి రాలేదు.

ప్రశ్న: ఫ్యూజన్ కరెంటు ముప్పై ఏళ్లలో అని నా చిన్నప్పుడు చదివాను. ఇప్పుడూ ముప్పై ఏళ్లే అంటున్నారు. మీ లెక్కల వల్ల ఒరిగిందేమిటి?
– ఒక పాఠకుడు, కర్నూలు

కోపంగా రాసినా న్యాయంగా అడిగారు. మా వాళ్ల గొప్పలు చెప్పే ముందు ఒక పరాభవం చెబుతాను. 1982లో జర్మనీలో గార్షింగ్‌లో ఆస్‌డెక్స్ అనే యంత్రం మీద ఫ్రిట్జ్ వాగ్నర్ పనిచేస్తుండగా, వేడి పెంచుతూ పోతే ఒక దశలో ప్లాస్మా ఉన్నట్టుండి కుదుటపడి, శక్తిని రెట్టింపు సేపు పట్టి ఉంచింది. ఇవాళ ఈటర్ నమ్ముకున్నది ఆ స్థితినే. దాన్ని ఏ కంప్యూటరూ ముందు చెప్పలేదు. యంత్రం చూపించాక మేం వెనకాల పరిగెత్తాం.

మరి ఒరిగింది? 1998లో ప్రిన్స్‌టన్‌లో జిహాంగ్ లిన్, ఆయన సహచరులు ఇందాక చెప్పిన గాజుల లెక్కను పెద్ద యంత్రం మీద నడిపారు. ప్లాస్మాలోని సుడులు తమలోంచే అడ్డంగా ప్రవాహాలను పుట్టిస్తాయని, ఆ ప్రవాహాలే తిరిగి సుడులను ముక్కలుగా కోసి వేడి కారడాన్ని తగ్గిస్తాయని స్పష్టంగా కనబడింది. పది కోట్ల డిగ్రీల మధ్యలోకి కొలబద్ద దూర్చి చూడలేం కదా. ఇలాంటివి లెక్కలో చూసి, ఏం కొలవాలో ప్రయోగంవాళ్లకు చెప్పగలిగాం. అంతకన్నా ఎక్కువ నేను చెప్పుకోను. ముప్పై ఏళ్ల మాట నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

ప్రశ్న: ఏఐ వచ్చాక ఈ సిమ్యులేషన్లన్నీ పోతాయా?
– ఇంటర్ విద్యార్థిని, తణుకు

2022లో స్విట్జర్లాండ్‌లో లోజాన్‌లోని టీసీవీ అనే ఫ్యూజన్ యంత్రంలో 19 అయస్కాంత చుట్టలను గూగుల్ వారి డీప్‌మైండ్ ఏఐ తిప్పింది. దానికి పాఠం చెప్పింది ఎవరనుకున్నావు? సిమ్యులేషనే, అంటే మేం చేసే ఈ కంప్యూటర్ లెక్కే. అసలు యంత్రం మీద వేల తప్పులు చేస్తూ నేర్చుకోనివ్వరు కదమ్మా.

ప్రశ్న: మా వాడు ఎమ్మెస్సీ ఫిజిక్స్. మన దేశంలో ఈ చదువుకు ఎక్కడికి పంపాలి?
– ఒక తల్లి, అనకాపల్లి

గాంధీనగర్ దగ్గర భాట్ గ్రామంలో ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది, ప్రెధిమన్ కృష్ణ కా గారు మొదలుపెట్టింది. 1989 నుంచి అక్కడ ఆదిత్య అనే టోకమాక్ (ఈటర్ లాంటి గారె ఆకారపు యంత్రం) నడిచింది. వాళ్ల సూపర్ కంప్యూటర్ పేరు అంత్య. మన పాత లెక్కల్లో శంకు, జలధి తర్వాత వచ్చే సంఖ్య, 1 పక్కన 15 సున్నాలు. దాని వేగం ఒక పెటాఫ్లాప్, అంటే సెకనుకు సరిగ్గా అన్ని లెక్కలు. పేరు పెట్టినవారెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

పంపే ముందు మీవాణ్ని ఇంట్లోనే ఒకటి చేయమనండి. 1962లో డాసన్ ప్లాస్మా లెక్క సుమారు వెయ్యి కణాలతో నడిపారు, మీ ఇంట్లో ల్యాప్‌టాప్ పదివేలను అవలీలగా మోస్తుంది. ఒకే దిక్కు, పొడవు 10, గడులు 64. సగం ఎలక్ట్రాన్లను వేగం 1తో కుడికి, సగం అదే వేగంతో ఎడమకి వదలాలి. ప్లాస్మా పౌనఃపున్యం (ఇందాక చెప్పిన ఎలక్ట్రాన్ల ఊపు వేగం) 1 అనుకోవాలి, అడుగు 0.1. కుడి చివర దాటినవి ఎడమ నుంచి రావాలి. వంద లైన్ల పైథాన్. అడ్డంగా స్థానం, నిలువుగా వేగం పెట్టి బొమ్మ గీస్తే మొదట రెండు గీతలుంటాయి. కాలం 20, 30 దగ్గరికి వచ్చేసరికి అవి వంకర్లు తిరిగి, ఒకదానిలోకి ఒకటి చుట్టుకుని, కన్ను తెరిచినట్టు ఒక సుడి లేస్తుంది. అది వచ్చిన రోజున బొమ్మ నాకు పంపమనండి. 128 గడులతో గీసింది కూడా పక్కనే పెట్టి పంపమనండి.